బ్రదుకు బాగును కొలుచు విధము

ఏటేట వార్తాపత్రికలలో ఒక పట్టిక వెలువడుచుండును. ప్రపంచమునందలి దేశములను సంతోషము ననుసరించి వరుసగా నిలిపి, ఫలానా దేశము మొదటిది, మన దేశము ఇన్నవది అని అందు ప్రకటింతురు. 2025వ సంవత్సరపు పట్టికలో 147 దేశములుండగా ఫిన్లండు మొదటిది, భారతదేశము 118వది. దీనిని చదివి రచ్చబండకడ కొందరు నవ్వుదురు, కొందరు కోపింతురు. "సంతోషమును శేరుతో కొలుతురా, మూరతో కొలుతురా?" అని నన్నడిగిన వారును కలరు. ఆ ప్రశ్న ఉచితమైనదే. చిరకాలము బడిలో మార్కులు వేసినవాడను గనుక, అంకె యెట్లు పుట్టినదో తెలియక దానిని నమ్మనురాదు, త్రోసివేయనురాదు అని నా తలంపు. కావున నేడు ఆ అంకె పుట్టుకను మీకు విన్నవింతును.

తొలుత దేశముల బాగును ధనముతోనే కొలిచెడివారు. రాబడి నంతయు కూడి జనసంఖ్యచే భాగించెడివారు. నూరెకరముల ఆసామి రాబడిని, అతని పొలమున పనిచేయు కూలివాని రాబడిని కూడి రెంట భాగించినచో వచ్చు మొత్తము ఆసామిదియు గాదు, కూలివానిదియు గాదు. ఈ లోపమును కొంత తీర్చుటకై 1990లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమమువారు, పాకిస్తాను ఆర్థికవేత్త మహబూబ్ ఉల్ హక్ గారి పూనికతోను, మన అమర్త్యసేన్ గారి ఆలోచనల సాయముతోను మానవాభివృద్ధి సూచిక యను క్రొత్త కొలతను ఏర్పరచిరి. ఆయువు, చదువు, రాబడి అను మూడును అందు చేరియుండును. 2023 నాటి లెక్కలతో 2025లో వెలువడిన నివేదికలో 193 దేశములకు మనది 130వ స్థానము. ఇంటిగోడలను, గాదెను చూచి గృహస్థుని స్థితిని ఊహించుట యెట్టిదో ఈ కొలత యట్టిది. గృహస్థునే పిలిచి "అయ్యా, మీ బ్రదుకు మీకెట్లున్నది?" అని యడుగుట రెండవ మార్గము.

అట్లడుగుటకై హాడ్లీ కాంట్రిల్ అను అమెరికా పండితుడు ఒక నిచ్చెనను కల్పించెను. 1965లో ఆయన ప్రకటించిన గ్రంథమున మన దేశముతో సహా పలుదేశముల ప్రజల ప్రత్యుత్తరములు కలవు. నిచ్చెన అడుగున సున్న, కొనయందు పది. "మీకు కలుగదగిన బ్రదుకులలో మిక్కిలి మేలైనది పైమెట్టున, మిక్కిలి చెడ్డది అడుగున ఉన్నవనుకొనుడు. ఇప్పుడు మీరు ఏ మెట్టుమీద నున్నారని తలంతురు?" ఇదియే ప్రశ్న. 2012లో మొదలైన ప్రపంచ సంతోష నివేదికలో దేశముల వరుస ఈ యొక్క ప్రశ్నకు వచ్చిన ప్రత్యుత్తరముల సగటును బట్టియే యేర్పడుచున్నది. 2025 నివేదికలో ఫిన్లండువారి సగటు 7.7, మనవారిది 4.4. ప్రశ్నలో సంతోషమను మాటయే లేకుండుటను గమనింపుడు. మనవారు నవ్వు నెరుగరని ఆ అంకె చెప్పుట లేదు. తాము కోరిన బ్రదుకునకు ఎంత దూరమున నున్నామని వారు తలంచుచున్నారో దానిని మాత్రము చెప్పుచున్నది.

"నన్నెవరును అడుగలేదే! దేశమంతటి మాట వారికెట్లు తెలిసినది?" అని మీరనవచ్చును. సాధారణముగా ఒక్కొక్క దేశమున ఏటికి సుమారు వేయిమందిని అడిగి, మూడేండ్ల లెక్కలను కలిపి సగటు తీయుదురు. మన పెద్దలు దీనికి స్థాలీపులాకన్యాయమని యెన్నడో పేరు పెట్టిరి. ఒక మెతుకు పట్టిచూచిన కుండెడన్నము ఉడికినదో లేదో తెలియును. కాని కుండలోని బియ్యమంతయు ఒక్క నిప్పుమీద ఉడుకుచుండును. ఊరియందు ఏటికాలువ క్రింద మాగాణి గలవానికి ఒక నిప్పు, మెట్టచేను గలవానికి ఒక నిప్పు, చేనే లేనివానికి వేరొక నిప్పు. కావున ఎవరిని అడుగవలెనో అడుగువాడు తన యిష్టము చొప్పున ఎంచుకొనరాదు. చీట్లు వేసి తీసినట్లు ఎల్లవారికిని వంతు వచ్చునట్లు ఎంచవలెను. బస్సు దిగినచోట కనబడిన నలుగురిని అడిగి పోయినచో అది ఆ యూరి మాట కాజాలదు.

ఇంతకంటె కష్టమైనది భాష. ఇద్దరు పిల్లలకు వేర్వేరు ప్రశ్నపత్రములిచ్చి, వారి మార్కులను పోల్చి యొకడు మేలనుట అన్యాయము. దేశములను పోల్చుటయందును అంతియే. మన సత్యవేడు 1960 ఏప్రిల్ 1వ తేదీన ఆంధ్రలో చేరువరకు చెంగల్పట్టు జిల్లాలోనిది. నేటికిని ఒక వీధిలో తెలుగిల్లు, అరవయిల్లు ప్రక్కప్రక్కనే యుండును. "సుఖము లేదు" అని తెలుగువాడన్నచో బ్రదుకున హాయి లేదని యర్థము. "సుగమిల్లై" అని అరవవాడన్నచో ఒంట్లో బాగులేదని యర్థము. మాట యొక్కటే, పుట్టుక యొక్కటే, అర్థము వేరు. గోడకు అటునిటు నున్న యిండ్లకే ఇంత భేదముండగా ఖండాంతరముల మాట చెప్పవలెనా?

ఈ చిక్కును విప్పుటకు ప్రపంచ ఆరోగ్య సంస్థవారు 1990వ దశకమున చేసిన యత్నము మెచ్చదగినది. వారు ప్రశ్నలను ఒక భాషలో వ్రాసి ఇతర దేశములకు పంపలేదు. టోక్యో, పారిస్, బ్యాంకాక్, హరారే మొదలుగా పదునైదు కేంద్రములలో ఒక్కమారే పని ప్రారంభించిరి. అందు ఢిల్లీయు, మనకు దాపుననున్న చెన్నపట్టణమును చేరియుండెను. ఏ చోటి జనులు దేనిని మంచి బ్రదుకని తలంతురో వారినే అడిగి, నూరు ప్రశ్నలు కూర్చిరి. తరువాత వానిని 26కు కుదించిరి. దేహము, మనస్సు, తోడివారితో పొత్తు, పరిసరము అని వానికి నాలుగు విభాగములు. గడచిన రెండు వారములను తలచుకొని జవాబు చెప్పవలెను. ప్రశ్నను ఒకరు భాషాంతరీకరింపగా, మూలమును చూడని వేరొకరు దానిని మరల మొదటి భాషలోనికి మార్చుదురు. రెంటిని సరిచూచినచో అర్థము జారినచోటు బయటపడును. "కొంచెము", "చాల", "మిక్కిలి" వంటి మాటల బరువును సైతము వారు తూచిరి. ఒక గీత గీసి, దానిమీద ఏ మాట యెచట నిలుచునో ఆయా భాషలవారిచేతనే గుర్తు పెట్టించిరి.

ఇంత చేసినను ఒక సందేహము మిగులును. మనిషి తన స్థితిని తాను ఉన్నదున్నట్లు చెప్పునా? బంగాళాదేశపు 1943 కరవు పిదప, 1944లో కలకత్తా చేరువనున్న సింగూరులో ఆరోగ్య విచారణ జరిగెను. భార్యను కోల్పోయిన పురుషులలో నూటికి 48.5 మంది తమకు ఆరోగ్యము సరిగా లేదనిరి. భర్తను కోల్పోయిన స్త్రీలలో అట్లన్నవారు నూటికి 2.5 మంది మాత్రమే. వితంతువుల బ్రదుకు మేలైనదని దీనికి అర్థము కాదని అమర్త్యసేన్ గారు వివరించిరి. తమకు నొప్పి యున్నదని చెప్పుకొను అలవాటే లేక, కష్టమే సహజమని వారు సరిపెట్టుకొనిరి.

మన యిండ్లలో ఇట్టిది లేదనగలమా? జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 1992-93లో మొదలైనది. 2019-21లో జరిగిన అయిదవ సర్వేలో వ్రేలికొన నుండి రక్తపుబొట్టు తీసి చూడగా, ఆంధ్రప్రదేశమున 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో నూటికి 58.8 మందికి రక్తహీనత యున్నట్లు తేలెను. వారిలో నెందరు "నాకు నీరసముగా నున్నది" అని ఇంట చెప్పుకొనియుందురు? కావున నోటిమాటయు కావలెను, రక్తపుబొట్టును కావలెను. ఒకటి దాచినదానిని రెండవది చూపును.

దేశముల పట్టికకంటె నాకు విలువైనదిగా తోచిన విచారణ యొకటి మన రాష్ట్రముననే జరిగినది. 2002లో యంగ్ లైవ్స్ అను పరిశోధన ఇథియోపియా, పెరూ, వియత్నాము దేశములలోను, అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశమునను మొదలైనది. నాలుగుచోట్ల కలిపి సుమారు 12,000 పిల్లలు, మనచోట సుమారు 3,000. రాయలసీమనుండి అనంతపురము, కడప అందు చేరినవి. సుమారు ఏడాది వయసు పిల్లలను, ఎనిమిదేండ్ల పిల్లలను ఎంచుకొని, కొన్నేండ్ల కొకమారు ఆ పిల్లలయొద్దకే మరల మరల పోయి, తిండి, చదువు, ఎత్తు, ఇంటి స్థితి విచారించిరి. పిల్లలు పెద్దవారైన పిదప తొమ్మిది మెట్ల నిచ్చెన చూపి వారి మాటయు అడిగిరి. పట్టికను చూచిన ఎవరెక్కడ నిలిచిరో తెలియును. ఒక్క బిడ్డను ఏండ్ల తరబడి చూచినచో ఆ బిడ్డ అచటికెట్లు వచ్చెనో తెలియును. ఊరికి మేలు చేయదలచినవారికి కావలసినది ఈ రెండవ తెలివియే.

పెద్దలారా, ఇందు మన వంతును కలదు. సర్వేవారు వాకిటికి వచ్చినప్పుడు "బాగున్నారా?" అని చుట్టము అడిగినట్లు తలచి "దేవుని దయవలన బాగున్నాము" అని పంపివేయుట మన మర్యాద. అచట ఆ మర్యాద పనికిరాదు. కోడలిని అడుగవలసిన ప్రశ్నకు మామగారు అరుగుమీదనుండి జవాబు చెప్పరాదు. ఆమెను ఒంటరిగా మాటలాడనిచ్చి మనము లేచి పోవలెను. లేమి చెప్పుకొన్న తలవంపులని గాని, కలిమి చెప్పిన దృష్టి తగులునని గాని మాట మార్చరాదు. పత్రికలో పట్టిక కనబడినప్పుడు, మన స్థాన మెంతయని చూచుటకు ముందు, ఏమి అడిగిరి, ఎవరిని అడిగిరి, ఎందరిని అడిగిరి, ఏ భాషలో అడిగిరి అని నాలుగు విషయములు విచారింపుడు. ఇంట చదువుకొన్న మనుమలుందురు గదా, వారిచేత చదివించి చెప్పించుకొనుడు.