భాష తెలుగే, బడి మాత్రం పరాయిదే!

గూడూరు: కోతలయిన మడిలో ఎలుక బొరియ ముందు ఒక యానాది కుర్రవాడిని నిలబెట్టి చూడండి. ఆ బొరియకు ఎన్ని నోళ్లున్నాయో, వాటిలో ఏవి మూయాలో, ఏ నోటి దగ్గర కుండ పెట్టి ఊదర పట్టాలో పదేళ్లవాడు చెప్పేస్తాడు. అదే పిల్లవాడిని తీసుకువెళ్లి బడిలో కూర్చోబెడితే 'వీడికి ఏమీ రాదు' అంటాం.

మన చేలు ఎలుకల పాలవుతుంటే ముందుగా కబురు పంపేది ఆ కాలనీకే. ఇంట్లో పాము దూరినా పిలిచేది వారినే. పని అయ్యాక పెద్దవాడని కూడా చూడకుండా 'ఒరే' అని పిలవడం మన ఊళ్లలో ఇప్పటికీ ఉన్నది. ఇక వారి పిల్లలు బడిలో నిలవడం లేదని ఆశ్చర్యపోతుంటాం.

2011 జనాభా లెక్కల నాటికే యానాదులు ఐదు లక్షలకు పైబడి ఉన్నారు. అందులో ఎక్కువమంది పాత నెల్లూరు జిల్లాలోను, దాని చుట్టుపక్కల జిల్లాలలోను ఉన్నవారే. గూడూరు పరిసరాల్లో రొయ్యల గుంటల కాపలా, నిమ్మతోటల పని, కాలువల్లో చేపల వేట వీరి బ్రతుకు తెరువు. గుంటకు కాపలా ఒప్పుకున్న కుటుంబం గుంట గట్టు మీదనే గుడిసె వేసుకుంటుంది. పిల్లలూ అక్కడే. హాజరు పట్టీలో పేరు కాలనీ బడిలో, పిల్లవాడు మాత్రం ఎక్కడో గట్టు మీద! తీసుకున్న అడ్వాన్సు తీరేదాకా ఆ కుటుంబం కదలదు.

గిరిజనులకు వారి సొంత పద్ధతిలో చదువు చెప్పాలన్న ఆలోచన మన రాష్ట్రానికి కొత్త కాదు. గిడుగు రామమూర్తి పంతులు పర్లాకిమిడిలో ఉండగా సవర భాష నేర్చుకుని, వాచకాలు రాసి, సొంత ఖర్చుతో సవర పిల్లలకు బడులు పెట్టించారు. ఆదిలాబాద్ జిల్లాలో 1940లో కుమ్రం భీము మరణించిన తరువాత గోండుల స్థితిగతులు పరిశీలించడానికి నిజాం ప్రభుత్వం హైమెండార్ఫ్ అనే పండితుణ్ణి నియమించింది. ఆయన ఆధ్వర్యంలో 1943లో మార్లవాయి గ్రామంలో గోండు యువకులకే పంతులు పనిలో శిక్షణ ఇచ్చి, గోండిలో వాచకాలు తయారుచేయించారు. పంతులు తమవాడే కావడంతో పిల్లలకు బెదురు లేకపోయింది. 2004 ప్రాంతంలో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం సవర, కోయ, కువి, కొండ, గోండి, కొలామి, బంజారా, ఆదివాసీ ఒరియా అనే ఎనిమిది భాషల్లో పిల్లలకు పాఠాలు మొదలుపెట్టింది.

ఈ ఎనిమిదిలో యానాదుల ఊసు లేదు. కారణం చిన్నదే. వారి మాట తెలుగు! భాష వేరయితేనే లెక్కలోకి వస్తారు గాని, బ్రతుకు వేరయితే రారు. ఈ ఒక్క సంగతి వల్ల వారికి అసలు ఇబ్బందే లేదన్నట్టు అయిపోయింది.

ఇబ్బంది ఎక్కడున్నదో నా చిన్నప్పుడే చూశాను. ఆ బడి పేరు ఇక్కడ అనవసరం. ఒకటో తరగతిలో 'ఎ' అక్షరం వచ్చింది. పక్కన ఎలుక బొమ్మ. పంతులు 'ఎ అంటే ఎలుక' అనగానే తరగతి మొత్తం వెనక్కి తిరిగి, మాతో చదివే యానాది పిల్లవాడిని చూసి గొల్లున నవ్వింది. నవ్వినవారిలో నేనూ ఉన్నాను. పంతులూ నవ్వాడు. ఎలుకను గురించి ఆ గదిలో అందరికంటె ఎక్కువ తెలిసినవాడు తల దించుకున్నాడు. వారం తరువాత బడికి రావడం మానేశాడు. వాడి పేరు హాజరు పట్టీలో కొన్నాళ్లు ఉండి, తరువాత అదీ పోయింది.

ఆ రోజు పంతులు వాడిని ముందుకు పిలిచి 'బొరియ ఎలా ఉంటుందో పలక మీద గీసి చూపించు' అని ఉంటే ఎలా ఉండేదో!

వీరి విద్యను పూర్వం తెల్లదొరలు కూడా గుర్తించారు. 1909లో వచ్చిన థర్‌స్టన్ గ్రంథంలో శ్రీహరికోట యానాదులు అడవి నుంచి తేనె, కుంకుడుకాయలు, అద్దకానికి వాడే చిరివేరు తెచ్చేవారని ఉన్నది. అయితే అదే దొరతనం నేరస్థ జాతుల చట్టం తెచ్చి జాతులకు జాతులనే దొంగలుగా రాసుకున్నది. ఆ చట్టం 1952లో రద్దయింది గాని, అనుమానపు చూపు రద్దు కాలేదు. యానాదుల కోసం జీవితాంతం పాటుపడిన వెన్నెలకంటి రాఘవయ్య 1962లో వారిని గురించి ఇంగ్లీషులో పెద్ద పుస్తకమే ప్రచురించారు. ఆయనకు 1973లో పద్మభూషణ్ వచ్చింది. శ్రీహరికోటలో రాకెట్ కేంద్రం రావడంతో దీవిలోని యానాదులలో చాలామంది చోటు మారవలసి వచ్చింది.

పక్కనున్న తమిళనాడులో ఇరుళులది కూడా ఇటువంటి పనే. 1978లో చెన్నైకి దగ్గరలో వారు ఒక సహకార సంఘంగా ఏర్పడ్డారు. పాములు పట్టి, విషం తీసి మందుల తయారీకి అమ్ముతూ, పామును మళ్లీ అడవిలో వదులుతారు. పాముకాటు మందుకు ఆ విషమే మూలం. ఆ కులవిద్యకే 2023లో ఇద్దరు ఇరుళులకు పద్మశ్రీ ఇచ్చారు. ఇంత దగ్గరలో ఉన్న సంగతి మన బడిపుస్తకాల్లో ఒక పాఠమయితే బాగుండును.

పెద్ద ఖర్చు అక్కరలేదు. వారానికొక పూట కాలనీలోని పెద్దాయననో పెద్దమ్మనో బడికి పిలిచి చెట్టూ చేమను గురించి చెప్పించవచ్చు. ఇంటరు వరకు చదివిన యానాది యువకులు కొన్ని కాలనీల్లో ఉన్నారు. మార్లవాయిలో చేసినట్టు వారికి శిక్షణ ఇచ్చి చిన్న తరగతులు అప్పగించవచ్చు. గుంటల సీజనులో పిల్లవాడు ఏ ఊరిలో ఉంటే ఆ ఊరి బడిలో కూర్చోనివ్వాలి. ఆధార్, కుల ధ్రువీకరణ పత్రం తరువాత చూసుకోవచ్చు.

నాతో ఒకటో తరగతిలో కూర్చున్న ఆ మిత్రుడు ఇప్పుడు రొయ్యల గుంట కాపలా. ఈ మధ్య కలిసినప్పుడు కొడుకు బడికి పోతున్నాడా అని అడిగాను. పోతున్నాడన్నాడు. ఇంట్లో ఎలుకలు పడతామని మాత్రం బడిలో ఎవరికీ చెప్పవద్దని వాళ్లమ్మ రోజూ చెప్పి పంపుతున్నదట.