గిటారు మీద అన్నమయ్య పాట

పిల్లలూ! గిటారును ఎప్పుడైనా దగ్గరగా చూశారా? దాని మెడ మీద అడ్డంగా లోహపు మెట్లు ఉంటాయి. బుర్ర వైపు వచ్చేకొద్దీ మెట్ల మధ్య ఎడం తగ్గిపోతుంది. కారణమేమిటో తెలుసా?

తీగ పొడవు తగ్గితే స్వరం హెచ్చుతుంది. సరిగ్గా సగం దగ్గర నొక్కితే, అదే షడ్జం పై స్థాయిలో పలుకుతుంది. తీగ 65 సెంటీమీటర్లు ఉంటే ఆ చోటు ముప్పైరెండున్నర దగ్గర వస్తుంది. అక్కడున్నది 12వ మెట్టు! సుమారు మూడింట రెండు వంతుల తీగ మోగేటట్లు నొక్కితే పంచమం. అది 7వ మెట్టు. స్కేలు పెట్టి కొలిచి చూడండి. మన వీణకూ ఇదే లెక్క. దాని 24 మెట్లలో రెండు స్థాయిలు ఇమిడి ఉన్నాయి.

అమెరికాలో నల్లజాతివారి మధ్య జాజ్ అనే సంగీతం పుట్టింది. అందులో అందరికీ తెలిసిన పాత పాటలను స్టాండర్డ్‌లంటారు. విద్వాంసుడు ముందు పాట వరస వాయించి, ఆ తరువాత తన ఊహ కొద్దీ పెంచుతాడు. మన కచేరీలో కీర్తన అయినాక కల్పనస్వరాలు వేసినట్లే!

అటువంటి పాట మనకూ కావాలి కదా? కడప సీమలో, రాజంపేట దగ్గర తాళ్లపాక ఉన్నది. 1408లో అక్కడ పుట్టిన అన్నమయ్య 32,000 సంకీర్తనలు రచించాడని చెబుతారు. వాటిలో వేలకొద్దీ రాగిరేకుల మీద చెక్కి, తిరుమల ఆలయంలో భద్రపరిచారు. కాని చూడండి, రేకుల మీద మాటలూ, రాగం పేరూ నిలిచాయి. పాడేవారు లేక చాలా పాటల వరసలు మాయమైపోయాయి! రాగి దాచగలిగింది మాటలనే. వరసను దాచవలసింది గొంతులు. 20వ శతాబ్దంలో రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వంటి పెద్దలు ఎన్నో పాటలకు మళ్లీ వరసలు కట్టారు. "నానాటి బతుకు"కు రేవతి రాగంలో వరస కట్టినవారు నేదునూరి కృష్ణమూర్తి.

రేవతిని మీరూ పట్టుకోవచ్చు. ఒకే తీగ తీసుకోండి. ఉత్త తీగ షడ్జం. తరువాత 1, 5, 7, 10, 12 మెట్లు నొక్కండి. స, రి, మ, ప, ని, పై స. అంతే! ముందు పాటను నోటితో పాడండి, చేత్తో తాళం వేయండి, ఆ తరువాతే వేళ్లకు పని చెప్పండి. రోజుకొక పాదం చాలు. తొందరపడితే తప్పు అలవాటవుతుంది. మెట్టుకూ మెట్టుకూ నడుమ ఉండే గమకం మాత్రం తీగను లాగితేనే వస్తుంది. దానిని గురువు దగ్గర విని నేర్చుకోవాలి. పరాయి వాద్యమని సంకోచం వద్దు. పాలకొల్లులో 1969లో పుట్టిన శ్రీనివాస్ మాండొలిన్ మీద కర్ణాటక సంగీతం పలికించి లోకాన్ని మెప్పించాడు.

ఈ సెలవులలో ఒక పని చేయండి. మీ జేజి పాడే లాలిపాటనో, మీ ఊరి చెక్కభజన పాటనో నేర్చుకుని, దాని మెట్ల అంకెలు నోటుబుక్కులో రాసుకోండి. తరువాత దానిని మరొకరికి నేర్పండి. మాటతో పాటు వరస కూడా నిలుస్తుంది.