ఐతుకును ఎవరూ గద్దించలేదు

అపొస్తలుడైన పౌలు త్రోయ పట్టణంలో బోధిస్తుండగా ఐతుకు అనే యౌవనస్థుడు కిటికీలో కూర్చుని జోగుతూ, గాఢనిద్రలోకి జారి మూడవ అంతస్తు నుంచి కింద పడ్డాడు (అపొ.కా. 20:7-12). ఈ సంగతి చెప్పగానే మన సంఘాల్లో చిన్నగా నవ్వులు వినిపిస్తాయి. ప్రసంగంలో నిద్రపోతే ఇదే గతి అని హెచ్చరించడానికి కూడా దీన్ని వాడుతుంటారు. అయితే ఆ వాక్యభాగాన్ని నిదానంగా చదవండి. లూకా ఐతుకు మీద ఒక్క నింద కూడా మోపలేదు. వైద్యుడైన ఆయన (కొలొ. 4:14) అక్కడి పరిస్థితిని మాత్రమే రాశాడు. అర్ధరాత్రి దాకా సాగిన ప్రసంగం, మేడగదిలో అనేక దీపాలు, కిటికీలో ఓ కుర్రవాడు. పౌలు కూడా అతణ్ని గద్దించలేదు. ప్రసంగం ఆపి, కిందికి దిగి, అతణ్ని కౌగిలించుకున్నాడు. బ్రతికిన ఐతుకును చూసి సంఘమంతా ఆదరణ పొందింది.

ఆరాధనలో కునికిపాట్లు పడేవారు ప్రతి సంఘంలోనూ ఉంటారు. భక్తి చల్లారిందని, లోకాశలు ఎక్కువయ్యాయని వారి గురించి మనం తేలిగ్గా మాట్లాడేస్తాం. వారిలో కొందరు రాత్రి ఎనిమిది గంటలు పడుకున్నా నిద్ర తీరని వ్యాధిగ్రస్తులని మాత్రం మనకు తోచదు.

దేవుడు మన దేహంలో నిద్రను ఎంతో క్రమంగా అమర్చాడు. పడుకున్నాక తేలిక నిద్ర, ఆపై గాఢనిద్ర, ఆ తర్వాత కలల నిద్ర వస్తాయి. ఈ చక్రం సుమారు 90 నిమిషాలకు ఒకసారి చొప్పున రాత్రికి నాలుగైదు సార్లు తిరుగుతుంది. గాఢనిద్రలో ఎక్కువ భాగం రాత్రి మొదటి మూడో వంతులోనే దొరుకుతుంది. అలసిన దేహం బాగుపడేది, పిల్లల్లో ఎదుగుదలకు అవసరమైన హార్మోను ఎక్కువగా విడుదలయ్యేది ఆ సమయంలోనే. దాన్ని పదేపదే తెంచేసే వ్యాధి ఉంటే ఎన్ని గంటలు పడుకున్నా ఫలితం ఉండదు.

అలాంటి వ్యాధుల్లో ముఖ్యమైనది స్లీప్ ఆప్నియా. నిద్రలో గొంతు వెనుక కండరాలు సడలి, గాలి వెళ్లే దారి మూసుకుపోతుంది. కనీసం పది సెకన్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువసేపు ఊపిరి ఆడదు. రక్తంలో ఆక్సిజన్ తగ్గగానే మెదడు ఉలిక్కిపడి మనిషిని పైపైన లేపుతుంది. పెద్ద గురకతో ఊపిరి తిరిగి మొదలవుతుంది. ఇలా గంటకు 30 సార్లకు మించి జరిగితే దాన్ని తీవ్రమైన వ్యాధిగా వైద్యులు లెక్కిస్తారు. విచిత్రమేమంటే, ఉదయం లేచాక రోగికి ఇందులో ఏదీ గుర్తుండదు. గురక ఆగిపోయినప్పుడల్లా గుండె గుభేలుమని, ఆయన మీద చేయి వేసి చూసుకునే భార్యకే అది తెలుసు. అందుకే ఈ వ్యాధికి మొదటి సాక్షి రోగి కాదు, పక్కన పడుకున్న మనిషి.

గురకను సుఖనిద్రకు గుర్తుగా భావించడం మన ఇళ్లలో ఉన్న పెద్ద పొరపాటు. పెద్ద గురక, మధ్యలో ఊపిరి ఆగడం, ఉదయం తలనొప్పి, పగలంతా మగత, మతిమరుపు, చిరాకు ఉంటే వైద్యుణ్ని కలవాలి. అశ్రద్ధ చేస్తే బీపీ పెరుగుతుంది. గుండె జబ్బు, పక్షవాతం ముప్పు ఎక్కువవుతుంది. లారీ, బస్సు, ఆటో నడిపే సహోదరులకైతే ఒక్క కునుకు చాలు, ప్రాణాలు పోవడానికి. స్థూలకాయులకు ఇది ఎక్కువగా వస్తుంది. అయినా సన్నగా ఉన్నవారికి రాదనుకోవద్దు. టాన్సిల్స్, అడినాయిడ్లు వాచిన చిన్నపిల్లల్లో కూడా ఇది కనిపిస్తుంది. ఆ పిల్లలు సండే స్కూల్లో కుదురుగా కూర్చోకపోతే మొండివారని కొట్టకండి.

గాఢనిద్రను చెడగొట్టేది ఇదొక్కటే కాదు. పడుకోగానే కాళ్లలో చీమలు పాకినట్లు, కాళ్లు లాగినట్లు ఉండి, కదిలిస్తేనే కాస్త నెమ్మదించే జబ్బు ఒకటుంది. శరీరంలో ఇనుము తగ్గడం దానికి ఒక ముఖ్య కారణం. గర్భిణుల్లో ఇది తరచుగా కనిపిస్తుంది. కొందరు పిల్లలు పడుకున్న కాసేపటికే గాఢనిద్రలోంచి కేకలు వేస్తూ లేచి కూర్చుంటారు. కళ్లు తెరిచి ఉన్నా ఎవరినీ గుర్తుపట్టరు, తెల్లవారితే ఏమీ గుర్తుండదు. చాలామందికి వయసుతో పాటు అదే తగ్గిపోతుంది. దయ్యం పట్టిందని ఆ బిడ్డను పదిమందిలో నిలబెట్టి కేకలతో ప్రార్థించడం కంటే, దెబ్బ తగలకుండా చూసి నెమ్మదిగా పడుకోబెట్టడం, అది పదేపదే జరుగుతుంటే వైద్యునికి చూపించడం ప్రేమగల పని. ప్రార్థన మానమని కాదు, బిడ్డను భయపెట్టవద్దని మా మనవి.

'యంత్రం పెట్టుకుని పడుకుంటే విశ్వాసం లేనట్లే కదా అయ్యగారూ?' అని విశ్వాసులు మమ్మల్ని అడుగుతుంటారు. స్లీప్ ఆప్నియాకు వాడే సీపాప్ యంత్రం గురించి ఆ ప్రశ్న. ముక్కు మీద మాస్కు ద్వారా గాలిని ఒత్తిడితో పంపి, గొంతు మూసుకుపోకుండా అది కాపాడుతుంది. ఆస్ట్రేలియా వైద్యుడు కోలిన్ సలివన్ బృందం 1981లో ఈ పద్ధతిని ప్రకటించింది. ఇక బైబిలు ఏమంటుందో చూడండి. రాజైన హిజ్కియాను స్వస్థపరుస్తానని దేవుడు ముందే వాగ్దానం చేశాడు. అయినా అంజూరపు పండ్ల ముద్దను పుండు మీద వేయమని యెషయా చెప్పాడు (2 రాజులు 20:5-7). వాగ్దానం చేసిన దేవుడే పండ్ల ముద్దను కూడా వాడుకున్నాడు. ప్రార్థించి మాస్కు పెట్టుకోవడంలో అవిశ్వాసమేమీ లేదు. బరువు తగ్గడం, పక్కకు తిరిగి పడుకోవడం, మద్యం మానడం కూడా మేలు చేస్తాయి. వైద్యుణ్ని అడగకుండా నిద్రమాత్రలు మింగవద్దు. కొన్ని మాత్రలు గొంతు కండరాలను మరింత సడలించి హాని చేస్తాయి.

అలాగని నిద్రంతా జబ్బేనని మేము చెప్పడం లేదు. సోమరిని సామెతల గ్రంథం గట్టిగానే హెచ్చరిస్తుంది. దేవుని పిలుపును తప్పించుకుని ఓడ అడుగున పడుకున్న యోనా నిద్ర వేరు. కానీ సోమరికి పడక ఇష్టం. ఈ రోగికి పడకంటేనే విసుగు, ఎందుకంటే అది అతనికి విశ్రాంతినివ్వదు. ఇద్దరినీ ఒకే కొరడాతో కొట్టడం న్యాయం కాదు. గెత్సేమనేలో శిష్యులు నిద్రించింది దుఃఖం చేతనని చెప్పి, ఆ నిద్ర వెనుక కారణం చూపినవాడు కూడా లూకాయే (లూకా 22:45). మరణాన్ని కోరుకుని బదరీవృక్షం కింద పడుకున్న ఏలీయాకు దేవదూత ప్రసంగం చేయలేదు. రొట్టె, నీళ్లు ఇచ్చాడు, మళ్లీ నిద్రపోనిచ్చాడు (1 రాజులు 19:4-8).

127వ కీర్తన రెండవ వచనంలోని హెబ్రీ మాటలను రెండు విధాలుగా అర్థం చేసుకోవచ్చు. దేవుడు తన ప్రియులకు నిద్రనిస్తాడని ఒకటి. వారు నిద్రిస్తుండగానే కావలసినది ఇస్తాడని మరొకటి. ఎలా చదివినా నిద్ర దేవుని ప్రేమకు సంబంధించిన సంగతే. ఆ ఈవి ఎవరి ఇంట్లోనైనా చెడిపోతుంటే, దాన్ని బాగుచేయడానికి తోడు నిలవడం సంఘం పని.

కాబట్టి కాపరులారా, పెద్దలారా, వచ్చే ఆదివారం ఎవరైనా కునికితే పేరు పెట్టి పిలిచి సిగ్గుపరచకండి. ఆరాధన ముగిశాక పక్కన కూర్చుని, రాత్రి నిద్ర ఎలా ఉంటోందని అడగండి. ఆ ఇంటి ఇల్లాలిని కూడా అడగండి. అవసరమైతే ఈఎన్‌టీ లేదా ఊపిరితిత్తుల వైద్యుని దగ్గరకు వెంట వెళ్లండి. రాత్రంతా పరీక్షించే స్లీప్ స్టడీకి డబ్బు లేని కుటుంబమైతే సంఘ కానుకల్లోంచి సాయం చేయండి. పౌలు ప్రసంగం కాసేపు ఆగింది, ఒక ప్రాణం దక్కింది. ఆ తర్వాత రొట్టె విరిచారు, తెల్లవారేదాకా మాట్లాడుకున్నారు. కునకని, నిద్రపోని దేవుడు మన ఇళ్లలో నిద్రకు దూరమైన వారందరికీ నెమ్మదిగల విశ్రాంతిని దయచేయును గాక!