గాలితో చేసిన దయ్యములు

మన భాషలో 'గాలి' యను మాటకు రెండర్థములు కలవు. మనము పీల్చునది గాలి. పిల్లవాడు జ్వరముతో పలవరించునప్పుడు 'వీనికి గాలి సోకినది' యని యిరుగుపొరుగువారు చెప్పునదియు గాలియే. ఈ రెండవ గాలికి వెఱచు బాలబాలికలు మన జ్యోతినగరమందును, గోదావరిఖని వాడలయందును నేటికిని గలరు. మొదటి గాలిని పంచదారతో కూర్చి, దానికి రెండవ గాలి రూపము నిచ్చు తీపివంటకమొకటి కలదు. దయ్యపు వేషములతో జరుపుకొను వినోదకూటములకు మిక్కిలి తగినది. దానిని చేయు విధమును, అందలి శాస్త్రమును విద్యార్థుల కొఱకు ఇచ్చట వివరింతును.

దీనికి ఫ్రెంచి భాషలో 'మెరాంగు' అని పేరు. 1692లో మస్యాలో అను ఫ్రెంచి వంటవాడు తన గ్రంథమున ఈ పేరుతో దీనిని చేయు విధమును వ్రాసెను. దీని చుట్టము మన పొరుగుననే కలదు. తమిళనాటి తూత్తుకుడి రేవుపట్టణమున తెల్లసొన, పంచదార, జీడిపప్పు చేర్చి చేయు మకరూనులు ప్రసిద్ధములు. అవి అడుగున వెడల్పుగను పైన మొనదేలియు నుండును. రెండు కన్నులు పెట్టిన చాలును, చిన్న దయ్యములే.

ఇట్టి వేషముల వేడుక అక్టోబరు 31వ తేదీ రాత్రి పాశ్చాత్య దేశములలో జరుగును. అది నవంబరు 1వ తేదీన వచ్చు సకల పరిశుద్ధుల పండుగకు ముందటి రాత్రి. ఐర్లండు మొదలగు చోట్ల చలికాలపు ప్రారంభమున జరుపుకొనిన ప్రాచీనాచారములు దీనితో కలిసిపోయినవి. నవంబరు 2వ తేదీన మన సంఘములవారు సమాధులకు సున్నము వేసి, పూలుంచి, క్రొవ్వొత్తులు వెలిగింతురు గదా. అదియు ఈ వరుసలోనిదే. కావున ఈ దినములలో మృతులను తలచుట మనకు క్రొత్త కాదు. వేషములు వేయుట తగునా యని కొందఱు తలిదండ్రులు సందేహింపవచ్చును. వారు ఈ వ్యాసమును తుదివఱకు చదువ వేడుచున్నాను.

చేయు విధము చెప్పెదను. పగుళ్లులేని మంచి కోడిగ్రుడ్లు నాలుగు తీసికొని, పచ్చసొన యొక బొట్టయినను కలియకుండ తెల్లసొనను వేఱుచేయవలెను. గిన్నెయు కవ్వమును జిడ్డులేనివై పొడిగా నుండవలెను. తెల్లసొనలో అర చెంచాడు నిమ్మరసము పిండి, మెత్తని నురుగు వచ్చువఱకు గిలకొట్టవలెను. పిమ్మట 200 గ్రాముల పంచదారపొడిని చెంచా చెంచాగా చల్లుచు, నురుగు మెఱయుచు గట్టిపడువఱకు గిలకొట్టుట మానరాదు. కవ్వమును పైకెత్తినప్పుడు నురుగు మొన వంగక నిలిచినచో పాకము కుదిరినదని తెలియవలెను. రెండు వ్రేళ్ల నడుమ నలిపినప్పుడు పలుకు తగిలెనేని ఇంకను కొంతసేపు గిలకొట్టవలెను.

ఈ నురుగును మూల కత్తిరించిన సంచిలో నింపి, పళ్లెముపై పఱచిన కాగితము మీద నిలువుగా పిండుచు, మెల్లగా పైకి లాగినచో ముసుగు కప్పుకొన్న దయ్యమేర్పడును. కన్నులకు రెండు నల్ల నువ్వులు చాలును. పొడవుగా పిండి, రెండు కొనలయందును రెండేసి చుక్కలు పెట్టినచో ఎముక యగును. పిదప ఓవెనులో 100 డిగ్రీల సెంటీగ్రేడు వేడిమిని గంటన్నర యుంచి, పొయ్యి ఆర్పి, లోపలనే చల్లాఱనీయవలెను. తొందరపడి వేడి హెచ్చించినచో దయ్యములు పసుపువన్నెకు తిరిగి పగులును. పచ్చి నురుగును పిల్లలు నాకకుండ చూడవలెను. అందు రోగక్రిము లుండవచ్చును. మిగిలిన పచ్చసొనలను పాఱవేయక నాటి కూరలో వాడుకొనవచ్చును. గ్రుడ్డు ముట్టనివారి కొఱకు కాబూలీ శనగలు ఉడికిన చిక్కని నీటిని చల్లార్చి ఇట్లే గిలకొట్టవచ్చును.

ఇంత కొంచెము తెల్లసొన అంత గిన్నెడు ఎట్లయినది? తెల్లసొనలో పదింట తొమ్మిది పాళ్లు నీరే. మిగిలినదానిలో ఎక్కువ భాగము మాంసకృత్తులు. ఇవి చుట్టలుగా మడతపడియున్న సన్నని దారముల వంటివి. గిలకొట్టునప్పుడు ఆ చుట్టలు విప్పుకొని, లోపలికి చొచ్చిన గాలిబుడగల చుట్టును ఒకదానినొకటి పట్టుకొని వలవలె నిలుచును. ఇట్లు తెల్లసొన ఎనిమిది రెట్ల వఱకు పొంగును. జిడ్డు ఈ పట్టును సడలించును. కావుననే పచ్చసొన తగులరాదంటిమి. నిమ్మ పులుపు నురుగును నిలుపుటకు తోడ్పడును. పంచదార నీటిని పట్టియుంచి బుడగలు విఱిగిపోకుండ కాపాడును. సన్నని వేడి ఆ నీటిని ఆర్చివేయగా, గాలి చుట్టును పెళుసైన తెల్లని గోడ మిగులును. దయ్యమును విఱిచి చూడుడు: లోపల గదులన్నియు గాలియే.

ఆ పంచదారయే మరల పగ యగును. అక్టోబరు నాటికి వానలు వెనుకపట్టినను గాలిలో తేమ పూర్తిగా పోదు. బయట నుంచిన దయ్యములు ఆ తేమను పీల్చి జిగటపడును. కావున చల్లాఱగానే బిగుతైన మూతగల డబ్బాలో దాచి, విందు వేళకే తీయవలెను.

మనకు కనబడని గాలి గనులలోను కలదు. బొగ్గుపొరలనుండి వెలువడు మీథేను వాయువు రంగు, వాసన లేనిదై, నిప్పు సోకగనే ప్రేలి ఎందఱనో బలిగొనెను. 1815లో హంఫ్రీ డేవీ వలదీపమును కనిపెట్టగా, జ్వాలమీద నీలిటోపీవలె కనబడు వెలుగును చూచి గనివారు ఆ వాయువును గుర్తింపగలిగిరి. జర్మనీ గనులలో కరగించినప్పుడు మేలి లోహమునీయక విషపుపొగ లిచ్చెడి ఖనిజమును 'కోబోల్డు' అను గనిదయ్యపు చేష్ట యనుకొనిరి. తుదకు రసాయన శాస్త్రజ్ఞులు దానినుండి లోహమును వేఱుచేసిరి, అదియే కోబాల్టు. దయ్యము పోయినది, దాని పేరు లోహమునకు మిగిలినది. మీ తండ్రులు పనిచేయు గనులలో నేడు వాయువును కొలుచునవి యంత్రములు, తాయెత్తులు కావు.

అయినను మన పల్లెలలోను పట్టణములలోను ఈ భయము చావలేదు. జబ్బు చేసిన, పశువు చచ్చిన, ఎవరో బాణామతి చేసిరనుట వాడుక. ఆ మాట ప్రాణములు తీయుచున్నది. మనకు చేరువనున్న జగిత్యాలలో 2022 జనవరిలో మంత్రాలు చేయుచున్నారను అనుమానముతో ఒక తండ్రిని, ఇద్దఱు కొడుకులను చంపిరి. లేని దయ్యము ఎవ్వరినిని చంపలేదు. ఉన్నదను నమ్మకము ముగ్గురిని చంపినది. అందుచేత దయ్యమును చూచి నవ్వ నేర్చుట పిల్లలకు చిన్న విద్య కాదు.

లూకా సువార్త చివరి అధ్యాయమును గుర్తు తెచ్చుకొనుడు. శిష్యులు ప్రభువును చూచి భూతమని భయపడగా, ఆయన వారిని కసరి పంపలేదు. తన చేతులను కాళ్లను చూపి, తాకి చూడుమని చెప్పి, కాల్చిన చేపముక్కను వారి యెదుటనే తినెను. భయమునకు ఆయన చూపిన మందు పరీక్షయే.

కావున విద్యార్థులారా, ఈ వేడుకకు దయ్యములను బజారున కొనక మీ చేతులతోనే చేయుడు. ఇంట చీకటికి వెఱచు తమ్ముడో చెల్లెలో యున్నచో, కన్నులు పెట్టు పని వారికే యిండు. చల్లాఱిన పిమ్మట ఒకదానిని వారిచేతనే విఱిపించి, లోపలనేమున్నదని యడుగుడు. గాలి యని వారు చెప్పుదురు. ఇక మిగిలిన పంచదారను గూర్చి వారికి మీరు చెప్పనక్కఱలేదు.