టీవీలో టెన్నిస్... చెమట పట్టేదెంత?

బంతి ఉండదు. రాకెట్ ఉండదు. కోర్టు అసలే ఉండదు. హాల్లో సోఫా పక్కకు జరిపి, రిమోట్‌లాంటి పరికరం పట్టుకుని చెయ్యి ఊపితే చాలు... టీవీ తెర మీద సర్వీసు దూసుకెళుతుంది!

2006లో నింటెండో సంస్థ 'వీ' గేమ్ యంత్రాన్ని తెచ్చినప్పుడు పిల్లలతోపాటు పెద్దలూ సంబరపడ్డారు. గంటల తరబడి కూర్చుని బటన్లు నొక్కేవాళ్లు లేచి నిలబడి టెన్నిస్, బాక్సింగ్, బౌలింగ్ ఆడుతున్నారు. ఇంకేం, వ్యాయామం అయినట్టే కదా!

నిజంగా అయినట్టేనా? ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్ జాన్ మూర్స్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఆ లెక్క తేల్చారు. 13-15 ఏళ్ల పిల్లలు 11 మందితో కూర్చుని ఆడే కార్ల పందెం గేమూ, వీ ఆటలూ ఆడించి, ఒంట్లో ఖర్చయిన శక్తిని కొలిచారు. 2007లో 'బ్రిటిష్ మెడికల్ జర్నల్'లో ఫలితాలు వచ్చాయి. కూర్చుని ఆడేటప్పటికన్నా నిలబడి ఆడితే సగానికి పైగా ఎక్కువ శక్తి ఖర్చయింది. కానీ అవే ఆటలు మైదానంలో ఆడితే అయ్యే ఖర్చుకు అది చాలా దూరం. వారం మొత్తమ్మీద చూస్తే పెరిగేది రెండు శాతం లోపే!

కారణం తేలికే. ఆ పరికరం గుర్తించేది చేతి కదలికనే. మణికట్టు విదిలించినా షాట్ పడుతుంది. కోర్టులో బంతి కోసం పరుగెత్తే పని తెర మీది బొమ్మే చూసుకుంటుంది. శరీరంలో పెద్ద కండరాలుండేది కాళ్లలో, తుంటి భాగంలో. వాటికి పనే లేకపోతే శక్తి ఎలా ఖర్చవుతుంది? అందుకే 1998లో జపాన్‌లో వచ్చిన 'డాన్స్ డాన్స్ రెవల్యూషన్' లాంటి, కాళ్లతో ఆడే గేములు కాస్త నయం.

మరో చిక్కూ ఉంది. అమెరికాలోని హ్యూస్టన్‌లో 9-12 ఏళ్ల పిల్లల్లో కొందరికి కదిలి ఆడే గేములు, మరికొందరికి కూర్చుని ఆడేవి ఇచ్చి 13 వారాలు గమనించారు. 2012లో వెలువడిన ఫలితం... రెండు జట్ల శారీరక శ్రమలోనూ తేడా లేదు!

5-17 ఏళ్లవాళ్లకు రోజుకు సగటున 60 నిమిషాలు ఒళ్లు అలిసే శ్రమ కావాలంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. కాబట్టి ఈ గేముల్ని టీవీ చూసే సమయానికి బదులుగా లెక్కేయండి, మైదానానికి బదులుగా కాదు. ముసురు పట్టిన రోజో, మండుటెండలోనో అయితే సరే. చల్లబడగానే మాత్రం రిమోట్ తీసుకుని షటిల్ బ్యాట్ చేతికివ్వండి. వీలైతే అవతలి వైపు మీరే నిలబడండి!