కోడెకు కాడి నేర్పేటప్పుడు తొందర వద్దు

మరిపెడ చుట్టుపక్కల ఏ ఊరికి పోయినా దుక్కుల కాలంలో ట్రాక్టరు చప్పుడే వినిపిస్తుంది. దుక్కి వరకైతే సరే. పత్తి మోకాలెత్తు పెరిగి సాళ్ళ నడుమ గడ్డి కమ్ముకున్న రోజున ఏం చేస్తారు? ఆ సాళ్ళలో ట్రాక్టరు దిగదు. చిన్న కలుపు యంత్రాలు వచ్చినా అందరి చేతికీ అందేవి కావు. పత్తి చేలోనైనా మిర్చి తోటలోనైనా గుంటుక తోలాలంటే చిన్నరైతుకు ఇప్పటికీ అరకే దిక్కు. సొంత ఎడ్లు లేకపోతే కిరాయి అరక కోసం కాచుకోవాలి. మన వంతు వచ్చేసరికి పదును ఆరిపోతుంది, గడ్డి పైరును మించుతుంది.

అందుకే ఇంట్లో పుట్టిన కోడెదూడల్ని అమ్మేముందు ఒకసారి ఆలోచించండి. ఏడాది పొడుగునా మేత లేని ఇంట్లో జతను కట్టేసుకోమని మేం చెప్పం. కానీ వరిగడ్డి, జొన్నచొప్ప ఉండి, ఈడూ ఎత్తూ కుదిరిన రెండు కోడెలుంటే వాటికి మీరే పని నేర్పుకోవచ్చు. నేర్పే పద్ధతి బాగుంటే పదేళ్ళ దాకా పని చేస్తాయి. చెడగొడితే ఆ జత సంతలో కూడా ధర పలకదు.

ముందు పళ్ళు చూడండి. పశువుకు ముందుపళ్ళు కింది దవడకే ఉంటాయి. వాటిలో రెండు పెద్దపళ్ళు వచ్చాయంటే సుమారు రెండేళ్ళు దాటినట్టు. నాలుగైతే మూడేళ్ళ దరి, ఎనిమిదీ వస్తే నాలుగేళ్ళు దాటినట్టు లెక్క. రెండు పళ్ళప్పుడు నేర్పడం మొదలుపెట్టండి, నాలుగు పళ్ళప్పుడు తేలిక పని చెప్పండి. నాగలి, బరువు బండి ఆ తర్వాతే. చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు. కోడె మోపుగా కనిపించిందని రెండు పళ్ళకే లోతు దుక్కికి కడతారు. ఎముక ముదరని కోడె మెడ ఆ బరువుకు ఆగదు.

ముకుతాడు ఏడాది, ఏడాదిన్నర వయసులో వేయించండి. పుండు పూర్తిగా మానేదాకా, అంటే రెండు మూడు వారాలు, తాడు పట్టి లాగకండి. నైలాన్ తాడు ముక్కును కోస్తుంది, నూలు తాడు మేలు. కోడెను కొట్టించడం రాళ్ళతోనో కట్టెలతోనో వద్దు. పశువుల దవాఖానకు తోలుకపోతే డాక్టరు పట్టకారుతో చేస్తారు. అది అయ్యాక కనీసం నెల రోజులు పనికి కట్టకండి.

ఇక అసలు పని. సంక్రాంతి దాటాక పనులు తగ్గుతాయి గదా, అప్పుడు మొదలుపెడితే మృగశిర కార్తె నాటికి కోడె తేలిక పనికి అక్కరకొస్తుంది. మొదటి వారం కాడి సంగతే ఎత్తకండి. రోజూ ఒళ్ళు రుద్దండి, మెడ నిమరండి, కాళ్ళు పట్టి చూడండి, పలుపు పట్టుకుని నడిపించండి. మనిషి చెయ్యి పడితే బెదరని కోడెకు సగం పని వచ్చినట్టే. రెండో వారం పని నేర్చిన ముసలెద్దు పక్కన వట్టి కాడి వేసి తిప్పండి. ముసలెద్దును దానికి అలవాటైన వైపే కట్టండి. దాపట నేర్చిన ఎద్దును ఎలపట కడితే అదే తికమకపడుతుంది, ఇక కోడెకేం నేర్పుతుంది? కోడె కూడా ఏ వైపు నేర్చుకుంటే ఎప్పటికీ ఆ వైపే ఉండాలి.

ఆ తర్వాత ఒక తేలిక మొద్దు కట్టి లాగించండి. ఆకేరు దాపున ఉన్న ఊళ్ళవాళ్ళు ఇసుకలో తోలవచ్చు, మిగతావాళ్ళు దున్నిన చెలకలో తోలండి. కాలు దిగబడే చోట కోడె ఉరకలేదు, పడ్డా దెబ్బ తగలదు. పొద్దున అరగంట, సాయంత్రం అరగంట చాలు. పది రోజులయ్యాక ఖాళీ చేలో గుంటుక, తర్వాత ఖాళీ బండి. నడవమనడానికి, ఆగమనడానికి ఏ మాటైనా వాడండి. కానీ ఇంట్లో అందరిదీ ఒకే మాట కావాలె. తండ్రి ఒకటి, కొడుకు ఒకటి అంటే కోడె ఎవరి మాట వినాలి?

కోడె పడుకుండిపోతే తోక మెలిపెట్టకండి, తోక ఎముక విరుగుతుంది. ముక్కు మూయడం, కింద మంట పెట్టడం ఇంకా అన్యాయం. కాడి విప్పండి, లేచాక రెండడుగులు నడిపించి ఆ పూటకు వదిలేయండి. అమెరికా పశుక్షేత్రాల్లో ఒకప్పుడు కొత్త గుర్రాన్ని అలసిపోయేదాకా ఎక్కి, కొట్టి లొంగదీసేవాళ్ళు. టామ్ డోరెన్స్, రే హంట్ అనేవాళ్ళు ఆ పద్ధతి తప్పని, గుర్రం భయం పోగొట్టి నేర్పాలని చెప్పి చేసి చూపించారు. మనకు అంత దూరం పోనక్కరలేదు. ఎద్దుల వీపున ఉప్పు, ధాన్యం వేసి ఊరూరా తిరిగిన లంబాడీల వారసులు మన తండాల్లోనే ఉన్నారు. పశువును మచ్చిక చేసే ఒడుపు అక్కడి పెద్దవాళ్ళను అడగండి.

చట్టం సంగతి కూడా తెలుసుకోండి. 1965 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం పనిచేసే పశువును రోజుకు 9 గంటలకు మించి, మధ్యలో విరామం లేకుండా 5 గంటలకు మించి వాడరాదు. ఎండ 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా కట్టరాదు. ముల్లుగర్ర నిషేధం. కొత్త కోడెకైతే ఈ గంటల్లో సగం కూడా ఎక్కువే.

పనిరోజుల్లో ఒక్కో ఎద్దుకు ఒకటిన్నర నుంచి రెండు కిలోల దాణా, కొంచెం ఉప్పు, ఖనిజ లవణ మిశ్రమం పెట్టండి. తవుడు, పల్లిచెక్క, ఉడికించిన ఉలవలు ఏవైనా సరే, ఒక్కసారిగా పెంచవద్దు. తిన్న వెంటనే కట్టకండి, నెమరుకు గంటైనా వదలండి.

మెడను మాత్రం రోజూ తడిమి చూడండి. ఎత్తు తేడా ఉన్న జతకు, వానలో తడిసిన మెడకు కాడి ఒరిసి వాపు వస్తుంది. కాడి గరుకు లేకుండా నునుపు చేసి మెత్తని గుడ్డ చుట్టండి. వాపు కనిపించిన రోజే పని ఆపి చన్నీటి గుడ్డ వేయండి. వాతలు పెట్టించకండి, వాపు మీద పుండు తోడవుతుంది. గడ్డ గట్టిపడితే డాక్టరుకు చూపించండి. గొంతువాపు, జబ్బవాపు టీకాలు వానలకు ముందే వేయించండి. గాలికుంటు టీకా ఏడాదికి రెండుసార్లు. తారురోడ్డు మీద బండి తోలేవాళ్ళు నాలలు కొట్టించాలి, చేను పనికి అక్కరలేదు.

ఇంకొక్క మాట. పురుగుమందు కొట్టిన పత్తిలో, మిర్చిలో గుంటుక తోలేటప్పుడు మూతికి చిక్కం కట్టడం మరవకండి. ఆ సాళ్ళ గడ్డి కోసుకొచ్చి రాత్రి మేతగా వేయకండి.