కొత్త విండోస్‌లో పాత ప్రింటర్ ఎందుకు పలకదు?

వర్ధన్నపేటలో హాల్‌టికెట్ ప్రింట్ తీయించుకుందామని జిరాక్స్ షాపుకు వెళ్లారనుకోండి. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ఆగిపోయింది. అందుకని షాపులోని 32 బిట్ల విండోస్ 10 తీసేసి విండోస్ 11 వేశారు. పాత ఆటలు చక్కగా నడుస్తున్నాయి, పాత ప్రింటర్ మాత్రం కదలదు. ఎందుకు?

సిస్టమ్ చెప్పిన మాటను ప్రింటర్‌కు అర్థమయ్యేలా చేరవేసే దుబాసీ డ్రైవర్. విండోస్ 11 పూర్తిగా 64 బిట్ల సిస్టమ్. 32 బిట్ల ఆటకు అందులో వావ్64 అనే పొర ఆసరా ఇస్తుంది, ఆట ఆ పొరలో విడిగా నడుస్తుంది. డ్రైవర్‌కు ఆ వీలు లేదు. అది సిస్టమ్ సొంత భాగాల్లోకే వెళ్లి పనిచేయాలి, 32 బిట్ల డ్రైవర్ అక్కడ ఇమడదు. కంపెనీ 64 బిట్ల డ్రైవర్ రాయకపోతే బాగున్న ప్రింటర్ కూడా మూలన పడుతుంది. ఇది నిజంగా అన్యాయం!

లినక్స్ అనే మరో సిస్టమ్‌లో చాలా డ్రైవర్ల కోడ్ అందరికీ తెరిచి ఉంటుంది. కంపెనీ వదిలేసినా ఇతరులు దాన్ని కొత్త సిస్టమ్‌కు సరిచేయగలరు. లినక్స్‌కు మారినా చాలా విండోస్ సాఫ్ట్‌వేర్ వాడుకోవచ్చు. 1993లో మొదలైన వైన్ అనే ప్రోగ్రామ్, విండోస్ సాఫ్ట్‌వేర్ అడిగే పనులను అప్పటికప్పుడు లినక్స్ పనులుగా మారుస్తుంది. అయితే విండోస్ ప్రింటర్ డ్రైవర్‌ను మాత్రం వైన్ నడపదు. కాబట్టి సిస్టమ్ మార్చేముందే ప్రింటర్ మోడల్ నంబర్ రాసుకుని, దానికి డ్రైవర్ దొరుకుతుందో లేదో చూడండి.